కట్టడానికి బిల్లు ఉంది, విప్పడానికి లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న దసరా అయిన నాలుగో రోజున మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. కాలవ ఒడ్డున ప్లైవుడ్ ముక్కలు, చిరిగిన ఎర్ర కార్పెట్టు, విరిగిన థర్మోకోల్ స్తంభాలు, మేకులు దిగిన చెక్కలు గుట్టగా పడి ఉన్నాయి, కింద "నిర్వాహకుల నిర్లక్ష్యం" అని రాశారు. నిర్లక్ష్యం లేదని నేననను. కానీ విజయవాడలో 28 ఏళ్లుగా టెంట్ హౌస్ నడుపుతున్నవాణ్ణి, అంతకుముందు మా నాన్న నడిపారు, ఆ గుట్టలో నాకు కనపడింది ఇంకొకటి. అందులో ముప్పాతిక సరుకు చెత్తగా మారింది కాదు, కట్టిన రోజునే చెత్త. ఎంత జాగ్రత్తగల మనిషి విప్పినా అందులోంచి మళ్ళీ వాడుకోవడానికి ఏమీ దొరకదు, ఎందుకంటే విప్పేలా కట్టలేదు. ఆ సంగతి రాద్దామని కూర్చున్నాను. ఉత్తరం పెద్దదవుతుంది, మీకు ఎక్కడ కత్తిరించాలనిపిస్తే అక్కడ కత్తిరించుకోండి, మా ఇనప గొట్టాల్ని కత్తిరించినట్టు మాత్రం కత్తిరించకండి, ఆ కథ కింద చెప్తాను.

మా నాన్న రోజుల్లో మాది టెంట్ హౌస్ కాదు, పందిరి సామాను కొట్టు. సరుగుడు రాటలు బాపట్ల, చీరాల వైపు నుంచి లారీకి వచ్చేవి. పైన తాటాకు, కాస్త ఉన్నవాళ్ళ పెళ్ళయితే తాటాకు కింద తెల్లగుడ్డ, కట్టడానికి కొబ్బరి తాడు. తాడుని ముందు నీళ్ళలో నానేసేవాళ్ళు, తడిమీద కడితే ఆరాక బిగుస్తుంది. మొత్తం పందిట్లో ఒక్క మేకు ఉండేది కాదు. మేకు దిగిన చోట రాట చీలుతుంది, చీలిన రాట తర్వాతి పెళ్ళికి నిలబడదు, అంతకు మించి అందులో పెద్ద సిద్ధాంతం ఏమీ లేదు. ముడి కూడా జారుముడి వేసేవాళ్ళు, కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే ఊడొచ్చేది, తాడు తెగేది కాదు, చుట్ట చుట్టి మళ్ళీ బండిలో వేసుకునేవాళ్ళు.

ఒక రాట ఎలా బతికేదో చెప్తాను. కొత్తలో పన్నెండు అడుగుల రాట పెళ్ళి పందిరికి మధ్యలో నిలబడేది. నాలుగైదేళ్ళు తిరిగేసరికి మట్టిలో పాతిన మూరెడు భాగం మెత్తబడేది, అంత మేర కోసేసి శ్రీరామనవమి చలువ పందిళ్ళకి పక్క రాటగా పంపేవారు. ఇంకా పొట్టిదైతే గేదెలున్నవాళ్ళు పాకలో గుంజకని కొనుక్కునేవారు. ఆ పని కూడా అయిపోయాక హోటల్ పొయ్యిలోకో భోగి మంటలోకో పోయేది. తాటాకు సంగతీ అంతే, పందిరి మీద నుంచి దిగింది ఎవరి పూరింటి కప్పు మీదో అతుకు పడేది, అక్కడ చివికాక పొయ్యిలోకి. పందిరి విప్పిన మర్నాడు వీధిలో మిగిలేవి రాటలు పాతిన గుంటలూ నాలుగు ఆకు రెమ్మలూ. మా నాన్నకి పర్యావరణం అనే మాటతో పనే లేదు. రాట తిరిగి రాకపోతే ఎల్లుండి పెళ్ళికి రాట ఉండదు, అదొక్కటే ఆయన లెక్క. సామాను మనది, ఇచ్చింది అద్దెకి, కాబట్టి కట్టేటప్పుడే విప్పే సంగతి చూసుకునేవారు.

ఇప్పుడు మా వ్యాపారంలో ఎక్కువ డబ్బు ఉన్నది "సెట్టింగు"లో. వినాయక చవితికి గుడి గోపురం కావాలి, పెళ్ళికి రాజమహలు కావాలి, సభ ముందు ఏదో కోట ద్వారం కావాలి. ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగులకి నాలుగు అడుగులు వస్తుంది, దాన్ని ఆర్చి వంపుకి కోస్తారు, కోసిన వంపూ మిగిలిన ముక్కా రెండూ ఇంకెక్కడా ఇమడవు. దానికి గన్నుతో మేకులు, మేకుల మీద జిగురు, జిగురు మీద థర్మోకోల్, థర్మోకోల్ మీద రంగు. ఇన్ని వస్తువుల్ని అలా ఒకదానికొకటి అంటించాక ఏదీ దేన్నించీ విడిపోదు. పాత సామాన్లవాడు కూడా తీసుకోడు, ఎందుకంటే అందులో ఇనుమూ లేదు, చెక్కా లేదు, రెండూ కలిసిన పెంట ఉంది. కిందేమో పల్చటి కార్పెట్టు, రెండు వైపులా అంటుకునే టేపుతో నేలకి అతికిస్తారు, పీకితే చిరుగుతుంది. మీ ఫొటోలో ఎర్రగా కనపడింది అదే.

గొట్టాల కథ. కొన్నేళ్ళ క్రితం ఒక ఉత్సవానికి, ఎక్కడిదో ఎవరిదో ఎందుకులెండి, 140 ఇనప గొట్టాలు అద్దెకి పంపాను. అన్నీ ఇరవై అడుగులవి, గొట్టం కంపెనీ నుంచి వచ్చిన పొడుగు. గొట్టాల్ని కలిపి బిగించే క్లాంపులు కూడా గోనెసంచుల్లో పోసి పంపాను. అక్కడ స్టేజీ కట్టే కాంట్రాక్టరు మనుషులకి క్లాంపు బిగించే ఓపిక లేక టకటకా వెల్డింగ్ పెట్టేశారు. అయిదు రోజుల ఉత్సవం అయ్యాక విప్పాలి కదా, వెల్డింగ్‌ని ఎలా విప్పుతారు, గ్యాస్ కట్టర్ పెట్టి కోశారు. తిరిగొచ్చినవి చూస్తే పదిహేడు అడుగులది ఒకటి, పదహారున్నర ఒకటి, పన్నెండు ఒకటి. క్లాంపుల సంచులు మాత్రం మూతి కూడా విప్పకుండా వచ్చాయి! మా మేస్త్రీ, అందరం ఆయన్ని బాబాయ్ అంటాం, ఆ గొట్టాల్ని వరసగా గోడకి ఆనించి నిలబెట్టి చూసి, "ఇవి ఇంక పందిరికి కాదురా అబ్బాయ్, మెట్లకి" అన్నాడు. నిజంగానే మెట్లలాగే ఉన్నాయి. ఒకే పొడుగు ఉన్నంతవరకే గొట్టం మా దగ్గర సామాను, పొడుగులు తేడా వచ్చిన రోజు నుంచి తుక్కు. అటూ ఇటూ తిరిగి కొంత నష్టం రాబట్టుకున్నాను, దానికి ఆరు నెలలు పట్టింది, ఫోన్ మోగితే టెన్షన్.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా సింగ్‌నగర్ గోడౌన్లోకి వచ్చింది. చవితి అదే నెల 7న. అంటే సామానంతా తుడిచి, లెక్కపెట్టి, బయటికి వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నప్పుడు వచ్చింది. ఆ రోజుల సంగతి మీ పేపరు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు పోతున్నాయని మీరే రాశారు, ఇటు మా కాలనీల్లో మనిషి లోతు నీళ్ళు. తలుపు తీయగలిగేసరికి వారం దాటింది.

ఆ గోడౌన్లో ఏది మిగిలిందీ ఏది పోయిందీ చూడటమే నాకు పెద్ద చదువయింది. ప్లైవుడ్ ఉబ్బి పుస్తకంలాగా పొరలు పొరలు విడిపోయింది. చెక్కపొట్టు బోర్డులైతే తడిసిన రొట్టెలాగా చేత్తో పట్టుకుంటే జారిపోయాయి. ఫోము సోఫాలు ఎత్తాలంటే నలుగురు కావాలి, ఎత్తినా ఆ వాసనకి ఎవరూ కూర్చోరు. థర్మోకోల్ తేలి ఎటో కొట్టుకుపోయింది, ఎక్కడ తేలిందో ఏ కాలవకి అడ్డం పడిందో తెలియదు, నిజం చెప్తే ఆ మాట నాకిప్పటికీ కొంచెం తప్పుచేసినట్టే ఉంటుంది. వెదురు బొంగులూ సరుగుడు రాటలూ బురద కడిగి నీడపట్టున ఆరేస్తే పదిలో ఎనిమిది పనికొచ్చాయి. మామూలుగానే బొంగులకి పుచ్చు పట్టకుండా కొన్ని వారాలు నీళ్ళలో ఊరేస్తాం, అందులో ఉన్న పిండి పదార్థం పోతుంది, పురుగు రాదు, ఈసారి బుడమేరే ఊరేసింది అనుకున్నాం. ఇనప గొట్టాలు కడిగి నూనె గుడ్డతో తుడిచి లోపలికి గాలి తగిలేలా పెట్టాం. షామియానా గుడ్డలు సగం పోయాయి, సగం ఉతికితే వచ్చాయి. మిగిలిన ఆ సామానుతోనే మా వీధిలో అన్నాలు పెట్టే చోట పైకప్పు వేశాం, నెల తిరిగేసరికి అదే సామానుతో దసరా పనికి వెళ్ళాం. పోయింది కొత్త వ్యాపారం, మిగిలింది నాన్న నాటి వ్యాపారం.

అప్పటి నుంచి నేను సెట్టింగు పని తగ్గించాను. పూర్తిగా మానేశానని గొప్పలు చెప్పను, ఇల్లు గడవాలి.

మా మేనల్లుడు ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు. వాడు ఒకరోజు ఫోన్లో ఒక కట్టడం చూపించాడు. 2017లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ అనే ఊళ్ళో డిజైన్ పండగ జరిగితే దానికి కట్టిన మండపం అట, మన నవరాత్రుల్లాగే తొమ్మిది రోజుల పండగ. దాన్ని మొత్తం అరువు తెచ్చిన సామానుతో కట్టారు. చెక్క దూలాలు, అద్దాలు, కాంక్రీటు స్తంభాలు, అన్నీ వ్యాపారుల దగ్గరా ఊరివాళ్ళ దగ్గరా తీసుకున్నవి. షరతు ఏమిటంటే తెచ్చింది తెచ్చినట్టు తిరిగి ఇచ్చేయాలి. కాబట్టి కొయ్యడం లేదు, కన్నం పెట్టడం లేదు, జిగురు లేదు, మేకు లేదు, స్క్రూ లేదు. దూలాల్ని కలిపి బెల్టులతో బిగించి కట్టారు, మన ఆటోనగర్లో లారీ లోడు బిగిస్తారే అలాంటి బెల్టులు. బయటి గోడ మీద రంగురంగుల పెంకులు మాత్రం ఊరివాళ్ళ ఇళ్ళలోని ప్లాస్టిక్ చెత్త కరిగించి చేసినవి. నేను చూసి "ఇందులో కొత్తేముందిరా, ఇది తాతయ్య పందిరే కదా" అన్నాను. వాడు ఒప్పుకోలేదు, వాళ్ళు బరువూ గాలీ అన్నీ లెక్కకట్టి కట్టారు మామయ్యా, మీ బాబాయ్ చూపుతో కడతాడు అన్నాడు. అదీ నిజమే. బాబాయ్ చూపు ముప్పై అడుగుల పందిరి దాకా తప్పదు, ఆపైన ఇంజినీరు ఉండాలి. ఈ మాట మా వ్యాపారంలో వాళ్ళకి నచ్చదు గానీ రాస్తున్నాను.

వాడే జపాన్ ఆర్కిటెక్ట్ షిగెరు బాన్ సంగతి చెప్పాడు. 1995లో కోబే భూకంపం తర్వాత ఆయన ఇళ్ళు పోయినవాళ్ళకి అట్ట గొట్టాలతో గదులు కట్టించాడు, గుడ్డ తానులకి మధ్యలో ఉంటుందే అట్ట గొట్టం, అలాంటివి కాస్త దళసరివి. పునాదికి బీరు సీసాల ప్లాస్టిక్ క్రేట్లు వరసగా పేర్చి అందులో ఇసుక నింపాడు. 2001లో భుజ్ భూకంపం తర్వాత మన గుజరాత్‌కి కూడా వచ్చి కట్టాడు, అక్కడ క్రేట్లు దొరక్క కూలిన ఇళ్ళ రాళ్ళూ పెళ్ళలే పునాదిలో వేసి పైన మట్టితో నేల అలికించాడట. ఎక్కడ ఏది దొరికితే అది. ఆయనకి 2014లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆర్కిటెక్చర్‌లో అదే అన్నిటికన్నా పెద్దదట. ఇసుక క్రేట్ల సంగతి నన్ను పట్టేసింది. ఎందుకంటే చవితికీ దసరాకీ మన ఊళ్ళో తారు రోడ్డుకి గునపంతో గుంటలు పొడిచి రాటలు పాతుతాం, పండగ అయ్యాక ఆ గుంట ఎవరూ పూడ్చరు, వానకి నీళ్ళు దిగి అది అరచెయ్యంత నుంచి చాటంత అవుతుంది, ఆ గోతుల్లో పడేది మనమే. ఇసుక పోసిన డ్రమ్ములో రాట నిలబెడితే రోడ్డు జోలికి వెళ్ళక్కర్లేదు. నిరుడు రెండు పందిళ్ళకి అలాగే చేశాను. డ్రమ్ముకి ఎంత ఇసుక పోయాలో, ఎన్ని డ్రమ్ములు కావాలో మేనల్లుడు వాళ్ళ మాస్టారిని అడిగి లెక్క రాయించుకుని వచ్చాడు. ఇసుక మాత్రం తిరిగి రాలేదు, ఎవరో ఇల్లు కట్టుకునేవాళ్ళు రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారు, పోనీలే అదీ మళ్ళీ వాడుకోవడమే.

లండన్‌లో 1851లో ఎగ్జిబిషన్‌కి కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ గురించి కూడా చెప్పాడు. అంత పెద్ద అద్దాల మేడని విప్పి ఊరి బయటికి తీసుకుపోయి 1854కల్లా మళ్ళీ నిలబెట్టారంటే, అద్దం పలకలన్నీ ఒకే కొలత, ఇనప స్తంభాలన్నీ లెక్క ప్రకారం పోతపోసినవి కాబట్టి. నా పదిహేను బై పదిహేను షామియానా లాగే, ఏ గుడ్డయినా ఏ గొట్టానికైనా సరిపోతుంది. ఖతార్‌లో 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకి 974 కంటైనర్లతో, విప్పడానికి వీలుగా స్టేడియం కట్టారట, అంత మనకెందుకు.

మనకి దగ్గరగా చెప్పుకోవాల్సింది ప్రయాగరాజ్. వరద తగ్గాక బయటపడే ఇసుక తిన్నెల మీద కుంభమేళాకి ఒక ఊరినే లేపుతారు, వెదురూ తాడూ గుడ్డా రేకులూ, నది దాటడానికి తేలే వంతెనలు. మేళా అవ్వగానే ఊరంతా విప్పేసి సామాను గోదాములకి పోతుంది, కొంత మళ్ళీ మేళాకి వస్తుంది, కొంత ఇంకెక్కడో వాడుకుంటారు. 2013 కుంభమేళాని హార్వర్డ్ వాళ్ళు వచ్చి అధ్యయనం చేశారు, మన దేశపు ఆర్కిటెక్ట్ రాహుల్ మెహ్రోత్రా అందులో ఉన్నారు. అంత పెద్ద విశ్వవిద్యాలయం వాళ్ళు వచ్చి నేర్చుకున్నది వెదురూ తాడూ పట్టుకుని కట్టే మా బాబాయ్ లాంటివాళ్ళ పని. ఇక్కడేమో బాబాయ్ దగ్గర జారుముడి నేర్చుకోవడానికి ఒక్క కుర్రాడు లేడు, వెల్డింగ్ నేర్చుకుంటే రోజుకి ఎక్కువ వస్తుంది మరి.

మన దగ్గర తాత్కాలికం అనే మాటే విచిత్రమైంది. వెలగపూడిలో 2016లో కట్టిన సచివాలయాన్ని తాత్కాలికం అన్నాం, అందులోనే ఇన్నేళ్ళుగా పని నడుస్తోంది. ఉండవల్లి కరకట్ట పక్కన ప్రజావేదిక అని ప్రభుత్వ సమావేశాల హాలు కట్టారు, 2019 జూన్‌లో కూలగొట్టారు. ఎవరిది ఒప్పు ఎవరిది తప్పు అన్నది మీ పేపర్లో రోజూ ఉంటుంది, నాకొద్దు. కానీ నా కళ్ళకి కనపడింది ఒక్కటే, కూలగొట్టాక ఆ శిథిలాలు అయిదేళ్ళ తర్వాత 2024లో కూడా అక్కడే పడి ఉన్నాయి. ఇనుము ఇనుమే కదా, రేకు రేకే కదా. జేసీబీతో కూల్చితే గుట్ట మిగులుతుంది, బోల్టు విప్పితే సామాను మిగులుతుంది. మా టెంట్ హౌస్ వాళ్ళని ఓ పదిమందిని పంపినా విప్పి లెక్కపెట్టి అప్పగించేవాళ్ళం, నవ్వుకోకండి, నిజంగానే అంటున్నాను.

ఇక అసలు విషయం. ఇంతకీ ఈ పాడు అలవాటు ఎందుకొచ్చింది? జనానికి బుద్ధి లేక కాదు. బిల్లు అలా ఉంది కాబట్టి. ఏ ఉత్సవమైనా, సభ అయినా, కాంట్రాక్టులో "సరఫరా చేసి, నిలబెట్టినందుకు ఇంత" అని ఉంటుంది. తొలగించడం గురించి ఒక్క ముక్క ఉంటే ఉంటుంది, "స్థలం ఖాళీ చేయవలెను" అని. ఖాళీ చెయ్యడం అంటే ఏమిటి, ట్రాక్టర్లో ఎత్తి కాలవ ఒడ్డున పోసినా ఖాళీ చేసినట్టే. విప్పడానికి కట్టడం కంటే ఎక్కువ ఓపిక కావాలి, కొన్నిసార్లు ఎక్కువ మంది కావాలి, దానికి కూలీ ఎక్కడా రాయరు. సామాను పూర్తి ఖరీదు బిల్లులోనే వచ్చేస్తే తిరిగి తెచ్చుకోవాలని ఎవడికుంటుంది? తెచ్చుకుంటే గోడౌన్ అద్దె దండగ, చెదలు, ఎలుకలు. పారేస్తేనే లాభం అన్నట్టు లెక్క తయారైంది. కాంట్రాక్టర్ని తిట్టి లాభం లేదు, నేనైనా ఆ కాగితం మీద సంతకం పెడితే అదే చేస్తాను.

కట్టుబాట్లు లేవా అంటే ఉన్నాయి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల్లోనే, లైసెన్సు లేని చోట వందమందికి మించి జనం చేరే కార్యక్రమానికి మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి చెప్పాలని, అక్కడి చెత్తని వేరుచేసి అప్పగించే బాధ్యత నిర్వాహకులదేనని రాశారు. 2022 జూలై 1 నుంచి అలంకరణకి థర్మోకోల్ వాడకూడదు, 100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లు కూడా నిషేధమే. దళసరివి ఆ నిషేధంలోకి రావన్నమాట! ఈ సందు చూసుకునే ఊరంతా ఫ్లెక్సీలు. అయినా నేను నిషేధాల మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు. చెత్తయ్యాక వేరుచెయ్యమనే నియమం కంటే చెత్త అవ్వకుండా కట్టమనే కాంట్రాక్టు తేలిక.

అన్నిటికీ తప్పు పట్టడం కూడా అన్యాయమే. పెద్ద సభలకి వేసే జర్మన్ హ్యాంగర్లు చూడండి, అల్యూమినియం దూలాలు, బోల్టులు, పైన బిగించే షీటు, లారీల్లో వస్తాయి, లారీల్లో పోతాయి, ఒక్క ముక్క మిగల్చరు, ఎందుకంటే అది వాళ్ళ సొంత పెట్టుబడి, ఎల్లుండి ఇంకో ఊళ్ళో ఉండాలి. ఆ సభలో మిగిలే చెత్తంతా కింద పరిచిన కార్పెట్టు, పక్కన కట్టిన ఫ్లెక్సీలు, ముందు పెట్టిన కోట ద్వారం. ఆ ఫ్లెక్సీలైనా మన రైతులు వదిలిపెట్టరు, ధాన్యం రాశుల మీదా మిరప కల్లాల దగ్గరా నాయకుల మొహాలు వెల్లకిలా పడుకుని కనపడుతూ ఉంటాయి.

2028లో మనకి కృష్ణా పుష్కరాలు. దానికి ముందు ఏడాది గోదావరి పుష్కరాలు. 2016లో పన్నెండు రోజుల పాటు పుష్కర నగర్లు, ఘాట్ల దగ్గర పందిళ్ళు, బట్టలు మార్చుకునే గదులు, క్యూలైన్లు, వైద్య శిబిరాలు ఎన్ని వేశారో చూశాం, నా సామాను కూడా అందులో తిరిగింది. ఈసారి టెండర్లు రాసేవాళ్ళకి నా మనవి ఇది. సామాను ఖరీదు ఇవ్వకండి, అద్దె ఇవ్వండి. అద్దె అన్నాక యజమాని తన సామాను తనే చూసుకుంటాడు. గొట్టానికీ గొట్టానికీ మధ్య వెల్డింగ్ వద్దని, విప్పుకోగలిగే బిగింపులు, అంటే క్లాంపో కప్‌లాకో మాత్రమే అని, చెక్కకి మేకు వద్దని రాయండి. విప్పడానికి కూలీ వేరే పద్దు కింద పెట్టండి. బిల్లులో కొంత భాగం ఆపుకుని, ఎన్ని వచ్చాయో ఎన్ని తిరిగి వెళ్ళాయో లెక్క సరిపోయాకే ఇవ్వండి. గదులన్నీ ఒకే కొలతలో చేయిస్తే గోదావరి దగ్గర 2027లో వాడినవే మరుసటి ఏడు పున్నమి ఘాట్‌కీ అమరావతికీ వస్తాయి. అంత సామాను ఎక్కడ పెడతారంటే, మార్కెట్ యార్డుల్లో సీజన్ లేనప్పుడు ఖాళీగా ఉండే షెడ్లు లేవా? దుర్గమ్మ గుడికి దసరాకి కట్టిన క్యూలైన్లు విప్పాక రెండు నెలలకే భవానీ దీక్షల విరమణకి మళ్ళీ కడతారు కదా, ఆ రెండు నెలల పద్ధతినే రెండేళ్ళకి సాగదీయమంటున్నాను, కొత్తదేమీ కాదు.

ఖర్చు ఎక్కువ అంటారు. మొదటిసారి ఎక్కువే. క్లాంపు కొనాలి, మనుషులకి నేర్పాలి, రెండు రోజులు ముందు మొదలుపెట్టాలి. ఇంకో మాట కూడా వస్తుంది, నేను చాలాసార్లు విన్నదే, "పాత సామాను కనపడితే ఎవరికీ నచ్చదండీ, పండగలా ఉండదు". దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. జనానికి ప్రతి ఏడూ కొత్త కోట కావాలి. కానీ ఒక సంగతి చెప్తాను. నిరుడు ఒక పెళ్ళివారు సెట్టింగుకి డబ్బు చాలక, అయిష్టంగానే, పాత పద్ధతిలో రాటలూ తాటాకూ మామిడి తోరణాలూ అరటి బోదెలూ పెట్టి కట్టమన్నారు. మే నెల ఎండ, మన బెజవాడ ఎండ. ఫంక్షన్ హాలు రేకుల కింద చెమటలు కారే జనం ఆ పందిట్లో భోజనాలయ్యాక కూడా లేవలేదు, కుర్చీలు ఎత్తడానికి మా కుర్రాళ్ళు సాయంత్రం దాకా కాచుకున్నారు. పెళ్ళికూతురి అమ్మమ్మ బాబాయ్‌ని పిలిచి ఆకు ఎక్కడిదని అడిగింది.

ఆఖరుగా మీ పేపరుకి ఒక కోరిక. పందిరి కట్టిన రోజు లైట్లతో సహా రంగుల్లో ఫొటో వేస్తారు, బాగుంటుంది. వచ్చే చవితికి ఏవైనా నాలుగు పందిళ్ళు ఎంచుకుని, నిమజ్జనం అయిన మూడో రోజున అదే చోట నిలబడి అదే కోణంలో ఇంకో ఫొటో తీసి పక్కపక్కన వేయండి. కింద ఏమీ రాయక్కర్లేదు. నేను కట్టిన పందిరిని కూడా అందులో కలపండి.

ఇట్లు,
ఒక టెంట్ హౌస్ యజమాని,
సత్యనారాయణపురం, విజయవాడ